ఏరి పారేసిన గింజలు

హేమ్లి మిర్చి సాలు మధ్యలో కూలబడేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. అప్పటికి సగం బస్తా కూడా నిండలేదు. రెండు సాళ్లవతల ఏరుతున్న ద్వాలికి ముందు కోడలి గాజుల చప్పుడు ఆగిపోవడం తెలిసింది, తర్వాత "యాడీ..." అన్న గొంతు వినిపించింది. తండాలో తల్లిని యాడి అంటారు. హేమ్లి కాపురానికొచ్చిన మర్నాటినుంచీ అత్తను కూడా అలాగే పిలుస్తోంది.

ద్వాలి మిర్చి కొమ్మలు విరుగుతున్నా చూడకుండా అడ్డంగా పరుగెత్తింది. ఏడు నెలల కడుపును రెండు చేతులా పట్టుకుని హేమ్లి మట్టిలో ఒరిగిపోయి ఉంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ద్వాలి తన కొంగుతో ముఖం తుడవబోయి, ఆ కొంగంతా కారపు ఘాటేనని గుర్తొచ్చి ఆగిపోయింది.

"కడుపుతోటున్న పిల్లను ఎందుకు తోల్కొచ్చినవే? రేపేమన్నయితే నా మీదికొస్తది," అన్నాడు చేను రైతు గట్టుమీంచే.

ఎందుకు తెచ్చిందో ఆయనకు తెలీదూ! రోజు కూలి మూడు వందలు. కొడుకు బలరాం పాల్వంచలో కరెంటు ప్లాంటు బూడిద ఎత్తే కాంట్రాక్టు పనికి పోతాడు, జీతం రెండు నెలలకోసారి వస్తుంది. మొగుడు బిచ్యాకు నడుం పడిపోయి మూడేళ్లయింది. ఆయన మంచంలో కూర్చుని మేకల్ని అదిలించగలడు, అంతే. ఇదంతా తెలిసే ఆ రైతు ప్రతి ఏడూ ఆ ఇంటి ఆడవాళ్లనే ముందు పిలుస్తాడు. ఆ పూటకు సగం కూలి లెక్కగట్టి ఇద్దరికీ కలిపి మూడు వందలు చేతిలో పెట్టి, మిగతావాళ్లను "మీరు కానియ్యండి, కానియ్యండి" అని తొందరపెట్టాడు.

బూర్గంపాడు రోడ్డుమీద పోతున్న ఆటోను ఆపి ద్వాలి కోడల్ని సబ్‌సెంటరుకు తెచ్చేసరికి మరియ సిస్టర్ పిల్లలకు టీకాలు వేస్తోంది. మరియది ముదిగొండ వైపు ఊరు. తొమ్మిదేళ్లుగా ఈ తండాల్లోనే నర్సుగా తిరుగుతోంది. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. హేమ్లిని చూడగానే సూది పక్కన పెట్టి లేచింది.

వేలికి గుచ్చితే చుక్క రాలేదు. గట్టిగా నొక్కితే వచ్చింది, కుంకుమ కలిపిన నీళ్లలా పల్చగా. మరియ దాన్ని చిన్న మిషన్లో పెట్టి అంకె చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఆరు పాయింట్ రెండు. పోయిన నెల ఎనిమిదుండె ద్వాలమ్మా! పదకొండుండాలె. గీ రక్తంతోటి కాన్పయితే పిల్లా దక్కదు, తల్లీ దక్కదు. ఏం పెడుతున్నవ్ దీనికి?"

ద్వాలికి రోషం పొడుచుకొచ్చింది. ఎవరు ఏమన్నా పడుతుంది గాని, కోడలికి పెట్టదన్న మాట మాత్రం పడదు. మొదటి కడుపు అయిదో నెలలో పోయినప్పుడు హేమ్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడ్చింది తను. ఈసారి బిడ్డను చూసి తీరాలని అన్నపు కుండ దగ్గర తనే కాపలా కూర్చుంది.

"పెట్టకేం సిస్టరమ్మా! మూడు పూటలా పెడుతున్న. ముందు దానికి పెట్టినంకనే నేను తింటున్న. అడుగు దాన్నే."

"అవ్ సిస్టర్," అంది హేమ్లి మంచం మీంచి సన్నగా. "యాడి మంచిగనే పెడతది."

"గోలీలు?"

"ఏసుకుంటున్న. పొద్దుగాల చాయ్‌తోటి."

మరియ నొసలు కొట్టుకుంది. "చాయ్‌తోటా! చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యదే తల్లీ. నీళ్లతోటి ఏసుకోవాలె, నిమ్మకాయ పిండుకోని. సరే, గదొక్కటే అయితే గింత పడదు. సికిల్ సెల్ గిట్ల ఏం లేదని నేనే టెస్ట్ చేపిచ్చిన. తిండి చెప్పు. ఏం కూర?"

"పప్పుచారు. ఒకరోజు టమాట."

"ఆకుకూర?"

"మిర్చి చేన్ల గట్ల మీద గడ్డి మందు కొడుతుండ్రు సిస్టరమ్మా. పొన్నగంటి లేదు, చెంచలి లేదు. యాడ తెంపుదు?"

ఆ మాట నిజమే. ద్వాలి కాపురానికొచ్చిన కొత్తలో తండా చుట్టూ జొన్న, సజ్జ, నువ్వులు. పొద్దున జొన్న రొట్టె, దానిమీద నువ్వుల పొడి. మేకను కోస్తే నెత్తురు కూడా పారబోయక సళోయి వండేవాళ్లు, బాలింతకు అందులో ముందు వాటా. ఇప్పుడా చేలన్నీ జామాయిలు తోటలూ మిర్చి చేలూ అయ్యాయి. నువ్వులు కొనుక్కుంటే కిలో రెండు వందల పైమాట. సళోయి పేరెత్తితే పట్నంలో చదువుకున్న పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు. మేకను కోసినా కార్జం మగవాళ్ల పళ్లెంలోకే పోతోంది.

"మరి బియ్యం ఏవి? రేషన్‌వేనా?" అంది మరియ మందుల అర వెతుకుతూ.

"రేషన్‌వే. కని భయం లేదు సిస్టరమ్మా," అంది ద్వాలి, కొంచెం గర్వంగానే. "రోజూ పొద్దుగాల గంటసేపు చాటల పోసి ఏరుతున్న. ఒక్క ప్లాస్టిక్ గింజ గూడ దీని కడుపుల పడనియ్యలే. నా కండ్లు పోతున్నా సరేనని ఏరుతున్న."

మరియ చెయ్యి మందుల అరలోనే ఆగిపోయింది.

"ఏం గింజలు?"

"గవే, పసుపు పచ్చగ, తేలికగ ఉంటయ్. నీళ్లల్ల తేలుతయ్. వందకొకటి ఉంటయ్ సూడు."

"ఏరి ఏం జేస్తవ్?"

"కోళ్లకేస్త."

"కోళ్లు సచ్చినయా?"

ద్వాలి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కోళ్లు చావలేదు. నిజానికి ఈ ఏడు కోళ్లు బాగా ఒళ్లు చేశాయి, పుంజు జుట్టు మందార పువ్వులా ఎర్రబడింది. బిచ్యా కూడా మంచంలోంచి చూసి "గీ కోళ్లకు ప్లాస్టిక్ బాగనే పడ్డదే" అని నవ్వేవాడు.

మరియ స్టూలు లాక్కుని ద్వాలి ఎదుట కూర్చుంది. అరిచే మనిషి, ఈసారి అరవలేదు. "అవి ప్లాస్టిక్ కాదు ద్వాలమ్మా. బియ్యప్పిండిల ఇనుము కలిపి, రక్తం పట్టే మందులు కలిపి, మళ్ల గింజలెక్క జేసి బియ్యంల కలుపుతరు. మీ అసుంటి ఇండ్లల్ల రక్తం తక్కువున్నదనే కలుపుతరు. గా గింజలు తింటేనే అంతా అయిపోతదని అనను గని, ఉన్న ఆసరా గదే. దాన్ని నువ్వు ఏరి కోళ్లకేసినవ్."

టీకాలకొచ్చిన ఒక తల్లి రేషన్ సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని, అందులోంచి రెండు పచ్చ గింజలు ఏరి, మరియ వాటిని మూతలో నీళ్లు పోసి నానేసింది. ఫోను చేసి అంబులెన్సు పిలిచింది. హేమ్లికి సెలైన్ ఎక్కించింది. అన్నీ అయ్యాక ఆ మూత తెచ్చి ద్వాలి అరచేతిలో వొంపింది. "నలుపు," అంది.

ద్వాలి బొటనవేలితో నొక్కింది. గింజ మెత్తగా పిండయిపోయింది.

"ప్లాస్టిక్ నానుతదా? ఎవడు చెప్పిండు నీకు?"

ద్వాలి తలెత్తలేదు. "మా అన్న," అంది. వెంటనే "ఆయనకు గూడ తెల్వదు సిస్టరమ్మా. ఫోన్ల వీడియో చూసిండు పాపం. ఎవడో ఆయన్ను గూడ మోసం జేసిండు," అంది.

మరియ ఖాళీ మూతను బల్లమీద పెట్టింది. "నెలకొకసారి మీ ఇంటికొస్తనే ఉన్న. గోలీలిచ్చి పోయిన గని, బియ్యం సంగతి ఎన్నడూ అడగలే," అంది తనను తనే తిట్టుకుంటున్నట్టు.

ధన్‌సింగ్ అంటే ద్వాలికి అన్న మాత్రమే కాదు. తండ్రి లేని ఇంట్లో పెద్ద దిక్కు. పదేళ్ల వయసులో ద్వాలిని పాము కరిస్తే భుజాన వేసుకుని, ఎవరికోసమూ ఆగకుండా, గోదారి వంతెన మీద పరుగెత్తి భద్రాచలం దవాఖానాలో పడేసిన అన్న. ఆమె కాలికి ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయనిప్పుడు బూర్గంపాడులో ఇల్లు కట్టుకుని ట్రాలీ ఆటో తిప్పుతున్నాడు. పోయిన వానాకాలం రేషన్ ఇచ్చిన మర్నాడే వచ్చి ఇదే ద్వాలి వాకిట్లో కూర్చున్నాడు. ఆమె ఎప్పటిలాగే రెండు చేతులా చెంబుతో నీళ్లిచ్చింది. అన్న గడప తొక్కితే ముందు నీళ్లు, తర్వాతే మాట. అది ఆ తండా ఆడపిల్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు.

ఆయన ఆ చెంబులోనే గుప్పెడు బియ్యం వేశాడు. కొన్ని గింజలు తేలాయి. ఒకదాన్ని తీసి తుడిచి అగ్గిపుల్లతో కాల్చాడు. అది నల్లగా మాడి కంపు కొట్టింది. "సూడు చెల్లే, ప్లాస్టిక్! గరీబోళ్ల పాణమంటే లెక్క లేదు వీళ్లకు," అన్నాడు. ఏ బియ్యపు గింజ కాల్చినా మాడుతుందన్న ఆలోచన ఆ వాకిట్లో చేరిన ఏడెనిమిది మంది ఆడవాళ్లలో ఒక్కరికీ రాలేదు. వస్తే మాత్రం ధన్‌సింగ్‌ను ఎదురు అడిగేదెవరు? "నాకు కిలో పది రూపాయలకియ్యండి. కోళ్ల ఫారాలకు పోస్త. మీకు సగమన్న ఉంచుకోవాలంటే మంచిగ ఏరుకోని తినుండ్రి," అన్నాడు. నలుగురికి వచ్చే ఇరవై నాలుగు కిలోల్లో పన్నెండు ఆయన కాంటా ఎక్కేవి. వచ్చిన నూట ఇరవైతో ద్వాలి చాయపత్తా, చక్కెర కొనేది. ఆ చాయ్‌తోనే హేమ్లి గోలీలు వేసుకునేది.

భద్రాచలం దవాఖానాలో రెండు సంచుల రక్తం ఎక్కించాలన్నారు. బలరాం పాల్వంచ నుంచి డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి ఒక సంచి ఇచ్చాడు. రెండో సంచికి బయట మనిషిని తెచ్చుకోమన్నారు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గాని, నెలలకు తగ్గ ఎదుగుదల లేదని డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ద్వాలి గోదారి వంతెన దాటి బూర్గంపాడులో అన్న ఇంటికి బయల్దేరింది. రెండు పనులున్నాయి. ఒకటి, రక్తం అడగాలి. రెండోది, "భియా, మనం మోసపోయినమే" అని అన్నకు చెప్పాలి. ఆ రెండో మాట చెప్పడానికే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. పాపం, ఆయన మనసు ఎంత కష్టపడుతుందో అనుకుంది. అంత పిచ్చిది.

ధన్‌సింగ్ ఇంట్లో లేడు. "మిల్లుకాడికి పోయిండు వదినా, అస్తడు కూసో," అంది ఆయన భార్య సక్రి. ద్వాలి ముఖం చూసి ఏం అడక్కుండానే పళ్లెం పెట్టింది. సక్రి మంచి మనిషి. మాటలో గాని పెట్టడంలో గాని దాపరికం తెలియనిది. గడప దగ్గర ఆమె కోడలు ప్రమీల నాలుగు నెలల మగపిల్లాడికి నూనె రాస్తోంది. వాడు రెండు కాళ్లూ జాడిస్తూ కేరింతలు కొడుతున్నాడు. తొడలమీద మడతలు పడ్డాయి.

నిన్న మధ్యాహ్నం నుంచి ద్వాలి ఏమీ తినలేదు. అన్నంలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

తొమ్మిది నెలలుగా రోజూ గంటసేపు ఆ గింజల్నే చూసిన కళ్లు అవి. ఉడికినా పోల్చుకోగలవు. తెల్లటి మెతుకుల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, కొంచెం పచ్చగా, కొంచెం మెత్తగా.

"వదినా," అంది. "గీ ప్లాస్టిక్ గింజలు ఏరలేదా నువ్వు?"

సక్రి పకపకా నవ్వింది. "ప్లాస్టికేంది వదినా! గవి బలం గింజలంట. ప్రమీల కడుపుతోటున్నప్పుడు మొదాల్ల నేను గూడ భయపడి ఏరబోయిన. మీ అన్న నన్ను తిట్టిండు. మిల్లు సేటే చెప్పిండంట, రక్తం పట్టే మందు కలుపుతరు, పారెయ్యకు అని. గందుకే సన్నబియ్యం ఉన్నాసరే దీనికి గదే వండుతున్న. సూడరాదు, మనుమడు ఎట్లున్నడో!"

ద్వాలి మనుమడి వంక చూసింది. వాడు ఆమెను చూసి బోసి నోటితో నవ్వాడు. వాడి మీద కోపం ఎలా వస్తుంది? ఆమె ఎడమచేత్తో వాడి పాదం ఒకసారి తాకింది. పళ్లెంలో నీళ్లు పోయకుండా, చెయ్యి కడుక్కోకుండా లేచింది.

"ఏమైంది వదినా? తినకుంట లేసినవేంది?"

"కడుపు నిండింది వదినా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఇక్కడ పుచ్చిపోయింది గింజ కాదు, తను నమ్ముకున్న మనిషి. తెలియక చెప్పాడనుకుంటే ఏడ్చి ఊరుకునేది. ఆయనకు తెలుసు. తన కోడలికి ఏది పెట్టాలో తెలిసినవాడికే చెల్లెలి కోడలి నోట్లోంచి ఏది తీయించాలో కూడా తెలుసు. దాన్ని కూడా తన చేత్తో తీయలేదు, చెల్లెలి చేతే, ఆమె ప్రేమతోనే, గింజ గింజా ఏరించాడు. వంతెన మీద నడుస్తూ ద్వాలి తన వేళ్ల వంక చూసుకుంది. నరికేసుకోవాలన్నంత మంట పుట్టింది.

రక్తం మాత్రం దొరికింది. మరియ సిస్టర్ తమ్ముడు జస్టిన్ డ్యూటీకి సెలవు పెట్టి బస్సెక్కి వచ్చి ఇచ్చాడు. "మీరెవరో, మేమెవరమో బిడ్డా," అని ద్వాలి అతని రెండు చేతులూ పట్టుకుంది. అతను సిగ్గుపడి, "టిఫిన్ పెట్టిస్తే చాలు పెద్దమ్మా," అన్నాడు. రెండో సంచి ఎక్కుతుండగా హేమ్లి కళ్లు తెరిచి, "యాడీ, ఇంట్ల బియ్యం ఏరేటోళ్లెవరు? నువ్వీడనే ఉంటివి," అంది. ద్వాలి లేచింది. పక్క వార్డులోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చింది.

నాలుగో రోజు బిచ్యాకు వండిపెట్టి, హేమ్లికి బట్టలు తేవడానికి ఇంటికొచ్చింది. ఆ ముందురోజే రేషన్ ఇచ్చారు. బిచ్యా ఎవరి చేతో బియ్యం తెప్పించి మూల పెట్టించాడు. ద్వాలి వచ్చిన గంటకే తండా మొగదల ట్రాలీ ఆటో హారన్ వినిపించింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే సంచులు నెత్తికెత్తుకుని బయటికొచ్చారు.

ధన్‌సింగ్ కాంటా దింపి, ముందుగా చెల్లెలి వాకిట్లోకొచ్చాడు. ఎప్పుడూ అంతే, బోణీ చెల్లెలి చేతి నుంచే.

"దవాఖాన్ల ఉన్నరని నిన్ననే తెల్సింది చెల్లే. నాకొక ఫోను జెయ్యరాదా? మిల్లుకాడ లోడు ఉండె, రాలేకపోయిన." బిచ్యా మంచం అంచున కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ఎండ సంపుతున్నది. నీళ్లియ్యి."

ద్వాలి లోపలికి పోయింది. చెంబుతో వచ్చింది. అన్న చేతికివ్వలేదు, ఆయన ముందు నేలమీద పెట్టింది. ధన్‌సింగ్ వొంగి చూశాడు. నీళ్లలో అరగంట నుంచి నానిన పచ్చ గింజలు ఉబ్బి ఉన్నాయి.

"ఏందిది?"

"నలుపు భియా. ప్లాస్టిక్ అవునో కాదో నువ్వే సూడు."

ఆయన చెయ్యి చాపలేదు. వాకిట్లో చేరిన ఆడవాళ్లందరూ చూస్తున్నారు. ద్వాలే వంగి రెండు గింజలు తీసి అరచేతిలో నలిపి, ఆ పిండిని ఆయన ముఖం ముందు పట్టుకుంది.

"ఎవరో అడ్డమైనోళ్లు నీకు..." అని మొదలెట్టాడు ధన్‌సింగ్.

"సక్రి వదిన అడ్డమైందా? నీ ఇంట్ల పళ్లెంల చూసిన. ప్రమీలకు బలం గింజలు, నా హేమ్లికి ప్లాస్టిక్ గింజలు. ఒక్కటే బస్తా, ఒక్కటే గింజ భియా. నీ గడపల ఒక పేరు, నా గడపల ఒక పేరు." ఆమె మచ్చ ఉన్న కాలు ముందుకు పెట్టింది. "ఆకలైతుందంటే నా బియ్యమన్నీ ఇచ్చేదాన్ని కదా! పాము కరిచిన కాలు ఇది. దీన్ని నువ్వే మోసినవ్. గా రోజు నన్ను బతికిచ్చింది గిందుకేనా?"

ధన్‌సింగ్ మంచం మీంచి లేచాడు. ఒకసారి బిచ్యా వంక చూశాడు. బిచ్యా గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నేనొక్కన్నే కొంటున్ననా? నేను కొనకపోతే ఇంకోడు కొంటడు. మార్కెట్ గట్లున్నది," అని గొణిగి, జేబులోంచి నోట్లు తీశాడు. "దవాఖాన ఖర్చులకుంచు. మనసుల పెట్టుకోకు."

ద్వాలి ఆ నోట్ల వంక కూడా చూడలేదు. చెంబు తీసి, నీళ్లూ గింజలూ కలిపి అన్నపు కుండలోకి వొంపేసి, చెంబును గడప మీద బోర్లించింది. అన్న వస్తే ఆమె ఇంట్లో చెంబు బోర్లించడం అదే మొదటిసారి.

"నా బియ్యం కాంటా ఎక్కయ్. పో భియా."

ఆయన ఆటో దగ్గరికి నడిచాడు. అక్కడ కాంటా మీద ఎర్రటి సున్నాలు వెలుగుతున్నాయి. వరసలో ముందు నిలబడ్డ పక్కింటి చిన్నక్క నెత్తిమీది సంచి దింపి చంకనెత్తుకుంది. కాంటామీద పెట్టనూ లేదు, ఇంటిదారి పట్టనూ లేదు. ఆమె వెనక ఇంకా పదిమంది ఉన్నారు. "ఊ, పెట్టు, జల్దీ," అన్నాడు ధన్‌సింగ్. చిన్నక్క ఆయన వంక చూసింది, ద్వాలి వాకిలి వంక చూసింది, ఇంట్లో ఉన్న తన కూతురి కడుపు సంగతి గుర్తొచ్చిందేమో, సంచిని ఇంకో చంకకు మార్చుకుంది.

ద్వాలి చాటలో బియ్యం పోసుకుని గడపలో కూర్చుంది. అలవాటైన వేలు తనంతట తానే పోయి ఒక పచ్చ గింజను పట్టుకుంది. చాట చప్పుడుకే కోళ్లు నలుమూలల నుంచీ పరుగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర చేరి మెడలు సాచాయి. ఎర్రజుట్టు పుంజు ముందుకొచ్చి ఆమె చేతి వంకే చూస్తోంది.

ద్వాలి ఆ గింజను మళ్లీ బియ్యంలోనే వేసింది. "ఉష్," అని కోళ్లను తోలి, హేమ్లికి వండి పట్టుకుపోవడానికి పొయ్యి ముట్టించింది.